ఏనుగుకు చెవులు అతికించడం ఎలా

మా పార్కులో పొద్దున్నే నడిచే తెలుగు పెద్దమనుషులం పదిమంది దాకా ఉంటాం. అందరం పిల్లల దగ్గరికి వచ్చినవాళ్లమే. డాలస్ ఎండ ముదిరేలోపు బీపీ, షుగరు, అమరావతిలో గజం రేటు, ఈ మూడూ మాట్లాడేసుకుని ఇళ్లకు చేరతాం. ఆమధ్య నా గోళ్లలో మట్టి చూసి ఒకాయన "ఏంటి సార్, తోటపని మొదలెట్టారా?" అన్నారు. కాదండీ, మంగళవారం మంగళవారం కమ్యూనిటీ సెంటర్లో సిరామిక్ బొమ్మల క్లాసుకు వెళ్తున్నానని చెప్పాను. అప్పట్నుంచి ఒకటే ప్రశ్నలు. మట్టి వాళ్లే ఇస్తారా? ఈ వయసులో చేతులు తిరుగుతాయా? ఇంగ్లీషులో ఏమేం అడుగుతారు? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, ఎనిమిది వారాల అనుభవంతో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. అక్షరం పొల్లు పోకుండా పాటించండి.

ముందు నా అర్హత చెప్పాలి. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో 210 మెగావాట్ల మొదటి యూనిట్ 1979లో మొదలైంది. నేను 1981లో చేరాను. ముప్ఫై అయిదేళ్లు బొగ్గు, మంట, ఆవిరి, ఇవే నా లోకం. డి.ఈ.గా రిటైరయ్యాను. అంతంత బాయిలర్లు చూసినవాడికి, గోధుమల డ్రమ్ము అంత ఉన్న కరెంటు కొలిమి ఒక లెక్కా?

కాబట్టి మొదటి సలహా: మొదటి రోజే మీరెవరో వాళ్లకు తెలియాలి. నాకు ఇక్కడ చిన్న ఇబ్బంది ఎదురైంది. నా పూర్తి పేరులో మొదటి ముక్క మాత్రమే రిజిస్టర్లో పడటం వల్ల, మా అమ్మాయి కంటే రెండేళ్లు చిన్నదైన టీచరమ్మ నన్ను "వెంకట" అని పిలిచింది. గారు లేదు, సారు లేదు. అరవై ఏడేళ్ల మనిషిని మా అమ్మ తర్వాత అలా పిలిచింది ఈవిడే. నేను పలకలేదు. రెండోసారి పిలిచింది, అప్పుడూ పలకలేదు. మూడోసారి ఆవిడ నాకు చెవుడేమో అనుకుని, దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచీ క్లాసంతా నాతో గట్టిగానే మాట్లాడుతున్నారు. గౌరవం అలా సంపాదించుకోవాలి.

క్లాసులో మొదట చెప్పే పని మట్టి పిసకడం. చపాతీ పిండి కలిపినట్టు మడత పెట్టి, అరచేతి కింది భాగంతో నొక్కి, తిప్పి, మళ్లీ నొక్కాలి. యాభై అరవై సార్లు. మట్టంతా ఒకే మెత్తదనానికి రావాలట. ఇది మన పని కాదు. ఆఫీసుల్లో ఇలాంటివి చేసే మనుషులు వేరే ఉండేవారు. నేను నాలుగుసార్లు నొక్కి, చేతులు కడుక్కుని కూర్చున్నాను.

రెండోది, బొమ్మ ఎప్పుడూ పెద్దదిగా, ఘనంగా చెయ్యండి. గిన్నెలు, కప్పులు, పువ్వులు చేసుకునేవాళ్లను చేసుకోనివ్వండి. నేను నేరుగా వినాయకుడికే వెళ్లాను. చిన్నప్పుడు మా ఊళ్లో చవితికి ముందు రోజు చెరువు మట్టి తెచ్చి వినాయకుణ్ణి చేసేది నేనే. పొట్టకో ముద్ద, తలకో ముద్ద, కళ్లకు రెండు గురివింద గింజలు. తొమ్మిదో రోజు బావిలో వేస్తే చల్లగా కరిగిపోయేవాడు. ఆయన పొట్టలోంచి మట్టి తవ్వి తీసినవాళ్లెవరూ లేరు. అలాంటిది ఈ టీచరమ్మ వచ్చి, గోడ బొటనవేలి మందం కంటే ఎక్కువ ఉండకూడదు, లోపలంతా డొల్ల చెయ్యాలి, డొల్ల చేశాక ఎక్కడో ఒక బెజ్జం పెట్టాలి అంటుంది. వినాయకుడికి బొజ్జ డొల్లయితే ఇంకేం మిగిలింది? నేను తల ఊపాను. అమెరికాలో తల ఊపితే సరే అనుకుంటారు. మనవాళ్ల తలూపుడులో ఎన్ని అర్థాలున్నాయో వాళ్లకు తెలీదు.

నాలుగు కిలోల స్వామి తయారయ్యాడు. ప్లాస్టిక్ కవరు కప్పి రెండు మూడు వారాలు మెల్లగా ఆరనివ్వమంది. అంత ఓపిక రిటైరైనవాళ్లకు ఎక్కడుంటుంది? ఇంటికి తెచ్చి పెరట్లో టెక్సస్ ఎండలో పెట్టాను. సాయంత్రానికి పైన తెల్లబారింది. రాత్రి మా ఆవిడ నిద్రపోయాక ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో గంటసేపు వేడిగాలి కొట్టాను. తర్వాతి మంగళవారం టీచరమ్మ బొమ్మను ఎత్తి, దాని వీపును తన చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టట. ఆ చెంప పరీక్ష మీద నాకు నమ్మకం కలగలేదు. మా ఇంట్లో ఏసీ ఎక్కువని చెప్పాను. ఇంకో రెండు వారాలు ఆగమని ఆవిడ అటు వెళ్లగానే, కాల్పుకు సిద్ధమైన బొమ్మలు పెట్టే బండి మీద, వెనక వరుసలో, మా క్లాసులోని నర్సమ్మగారి గుడ్లగూబ పక్కన నేనే పెట్టేశాను. ఫైళ్లు కదలాలంటే ఎప్పుడైనా ఇదే దారి.

ఈ కొలిమి గురించి రెండు మాటలు. మన కుమ్మరి ఆవంలో పిడకలు, చెత్త, గడ్డి పేర్చి అంటిస్తే ఊరంతా పొగ. ఇక్కడ పొగ లేదు, మంట లేదు. గోడల్లో తీగచుట్లు ఎర్రబడతాయి, ఒక పెట్టె అంకెలు చూపిస్తుంది. పచ్చి బొమ్మను ముందు దాదాపు 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా ఒకసారి కాలుస్తారు. తర్వాత గ్లేజ్ పూసి, మా సెంటర్లో అయితే 1,220 డిగ్రీల ప్రాంతంలో ఇంకోసారి. ఆరు వందల డిగ్రీలు దాటిందంటే మట్టి ఇక మట్టి కాదు. మళ్లీ నీళ్లలో వేసినా కరగదు, బురద కాదు. ఇంకో సంగతి, ఆ కొలిమి అందరిదీ. పన్నెండుమంది బొమ్మలూ అందులోనే, ఒకదాని భుజం మీద ఒకటి అన్నట్టు సర్దుతారు.

మరుసటి మంగళవారం మూత తీశారు. పై అరలో మా వినాయకుడి కిరీటం ముక్క ఒకటి బోర్లా పడి ఉంది. కింది అరలన్నీ ఎర్రటి పెంకులు. తొండం దొరికింది. ఎలుక చెక్కుచెదరలేదు, చిన్నది కాబట్టి. నర్సమ్మగారి గుడ్లగూబకు తల లేదు.

క్లాసులో వాళ్లంతా గాలి బుడగ, గాలి బుడగ అన్నారు. టీచరమ్మ మాత్రం పెంకు ఒకటి చేతిలోకి తీసుకుని, గాలి కాదు, తడి, అంది. నూరు డిగ్రీల దగ్గర నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు కావాలి. మందపు గోడ మధ్యలో ఇరుక్కున్న నీటికి ఆ చోటు దొరక్కపోతే గోడే పోతుంది. ఈ లెక్క నాకు తెలుసు. ముప్ఫై అయిదేళ్లు కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ బోర్డు మీద రాసి చెప్పిన లెక్క ఇదే. ఆ ఆవిరితోనే కదా మేము కృష్ణా జిల్లాకంతా కరెంటు ఇచ్చింది. కానీ అది బాయిలర్లో ఉండాల్సిన ఆవిరి. వినాయకుడి పొట్టలో ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇలాంటప్పుడు మీరు గాలి బుడగ పక్షమే తీసుకోండి. గాలికి నోరు లేదు, జవాబు చెప్పుకోలేదు. నర్సమ్మగారికి సారీ కూడా చెప్పకండి, చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. జంతికలు తీసుకెళ్లండి. నేను పెద్ద స్టీలు డబ్బా నిండా తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. డెబ్బై నాలుగేళ్లావిడ, ఆస్పత్రి కొలువు నుంచి రిటైరయ్యాక ఇక్కడ చేరిందట. ఒకటి కొరికి, ఇదెలా చేస్తారని అడిగింది. జంతికల గొట్టం గురించి చెప్పాను. మట్టిని అలాగే తీగలుగా వత్తే గొట్టం మూల బీరువాలో ఉందని చూపించింది. తను చేరిన కొత్తలో మూడు గుడ్లగూబలు వరసగా పేలాయని కూడా చెప్పింది. పక్కవాళ్ల బొమ్మల్ని ఏం చేశాయో మాత్రం చెప్పలేదు.

ఇంట్లో సంగతి వేరు. పెంకులు చూసి మా ఆవిడ, "దేవుణ్ణి పొయ్యిలో పెడతారా ఎవరైనా?" అంది. ఆ ప్రశ్నకు ఇంజినీరింగులో జవాబు లేదు. రెండు రోజులు కాఫీ టేబుల్ మీదే పెట్టి వెళ్లిపోయింది, చేతికి ఇవ్వలేదు. అందుకని స్వామిని వదిలి ఏనుగుకు దిగాను. పని దాదాపు అదే, దోషం లేదు.

నేను నిరుత్సాహపడ్డప్పుడు టీచరమ్మ ఒక కథ చెప్పింది. బియాట్రిస్ వుడ్ అని ఒక అమెరికన్ మహాతల్లి. 1893లో పుట్టింది. హాలెండులో మెరుపు పూత ఉన్న పళ్లేలు కొనుక్కుంది. వాటికి జతగా టీ కూజా ఎక్కడా దొరకలేదు. సరే, నేనే చేసుకుంటానని 1933లో, నలభై ఏళ్ల వయసులో, హాలీవుడ్ హైస్కూల్లో పెద్దవాళ్లకు పెట్టే క్లాసులో చేరింది. ఒక కూజా కోసం చేరిన మనిషి వందేళ్లు దాటాక కూడా మట్టి వదల్లేదు. 1998లో నూట అయిదేళ్ల వయసులో పోయింది. పట్టుచీరలు కట్టుకుని, చేతుల నిండా వెండి వేసుకుని సారె ముందు కూర్చునేదట. ఇంత ఆయుష్షు ఎలాగమ్మా అంటే చాక్లెట్లు, కుర్రాళ్లు అని చెప్పేదట. మొదటిది నాకు షుగరు వల్ల కుదరదు. రెండోది నాకు వర్తించదు.

టీచరమ్మకు తెలియని కొసరు ఒకటుంది. బియాట్రిస్ ఓహాయ్ అనే ఊరికి మకాం మార్చింది జిడ్డు కృష్ణమూర్తి గారు అక్కడ ఉంటారని. ఆయనేమో మదనపల్లెలో పుట్టిన మనిషి. అంటే ఎటు తిప్పి చూసినా ఈ విద్య మనదే. ఆ మాట క్లాసులో లేచి నిలబడి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు, గట్టిగానే. ఇక లెక్క చూడండి. ఆవిడ మొదలుపెట్టాక అరవై అయిదేళ్లు బతికింది. నేను అరవై ఏడుకు మొదలుపెట్టాను, అంటే నూట ముప్ఫై రెండు దాకా సమయం ఉంది. అందువల్ల ఇంటి దగ్గర సాధన అవీ అక్కర్లేదు. మెల్లగా చూసుకోవచ్చు.

ఇక అసలు విషయం, చెవులు.

ఏనుగుకు చెవి అంటే పల్చటి రేకు, ఒంటికి ఒక్క అంచు మీద వేలాడాలి. వీళ్ల పద్ధతి ఏమిటంటే, చెవి అంచు మీదా, తల మీదా సూదితో అడ్డంగా నిలువుగా గీతలు గీకి, అదే మట్టిని నీళ్లలో కలిపిన చిక్కటి బంక పూసి, నొక్కి, అతుకు మీద సన్నటి మట్టి తీగ చుట్టి వేలితో సర్దాలి. చెవీ తలా ఒకే తడిలో ఉండాలి. ఒకటి ఆరి ఇంకొకటి పచ్చిగా ఉంటే, ఆరేటప్పుడు పచ్చిది ఎక్కువ కుంచించుకుని విడిపోతుంది. ఒక చెవికి ఇంత తతంగం. నేనేమో కొండపల్లి పక్కన ముప్ఫై అయిదేళ్లు ఉన్న మనిషిని. అక్కడ తెల్ల పొణికి చెక్కతో ఒక్కో అవయవం విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారని నాకు తెలుసు. చింతగింజలు డాలస్లో ఎక్కడ వెతకను? ఫెవికాల్ ఉంది, ఇండియా కొట్టులో దొరుకుతుంది. రెండు చెవులకూ దండిగా పట్టించాను. ఎంత చక్కగా అతికాయో చెప్పలేను. టీచరమ్మ కూడా చూసి బాగుందంది.

అతుకు చక్కగా ఉంటే లోపల ఏముందో ఎవరూ అడగరు. కొలిమి అడుగుతుంది. మూడు నాలుగు వందల డిగ్రీలకే జిగురంతా ఆవిరై పోయి ఉంటుంది, ఏనుగు నున్నటి తలతో బయటికొచ్చింది. చెవులు దాని కాళ్ల దగ్గర రెండు అప్పడాల్లా పడి ఉన్నాయి. నేనైతే దీన్ని లోపం అనను. చెవులు విడిగా ఉంటే ఇండియాకు ప్యాక్ చేయడం తేలిక.

ఆ రాత్రి ఒక పని చేశాను, అది మీరు చెయ్యనక్కర్లేదు. మా అమ్మాయి అద్దాల బీరువాలో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది, పెళ్లప్పుడు మేమే పెట్టింది. దాన్ని తీసి, కళ్లజోడు పైకి నెట్టుకుని, చెవి వెనక చూశాను. రంగు కింద అతుకు ఎక్కడుందో గోటితో తడిమితే గానీ తెలియలేదు. సన్నటి గట్టు, బియ్యపు గింజ మందం. దాన్ని ఎవరో వేలితో సర్దారు, ఆ వేలి వంపు అక్కడే ఆగిపోయి ఉంది. మా క్వార్టర్స్ నుంచి ఆ బొమ్మలు చేసేవాళ్ల వీధికి స్కూటర్ మీద పది నిమిషాలు. వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఖిల్లాకు తీసుకెళ్లాను. వస్తూ వస్తూ రోడ్డు మీది కొట్లో ఒక ఏనుగు కొనిపెట్టేవాణ్ణి. ఆ వీధిలోకి మాత్రం ఒక్కసారీ స్కూటర్ తిప్పలేదు. బేరమాడాను, చాలాసార్లు, బాగా ఆడాను.

సరే, అది వదిలేయండి.

సున్నాల గురించి చెప్తాను. వేడిని ఇక్కడ డిగ్రీల్లో కాకుండా కోన్ నంబర్లలో చెప్తారు. ఒక వేడికి వంగిపోయే చిన్న మట్టి శంకువులవి. కోన్ 6 ఉంది, కోన్ 06 కూడా ఉంది. ఎడమ పక్క సున్నాకు విలువ లేదని రెండో తరగతిలో నేర్చుకున్నాం, దాన్ని మార్చుకోవాల్సిన అవసరం లేదు. బొమ్మల సామాన్ల కొట్లో చవగ్గా దొరికిన మట్టితో ఇంటి దగ్గర ఒక పిల్ల ఏనుగును చేశాను. సంచి మీద 06 అని ఉంది. కాల్పుకు బొమ్మతో పెట్టే చీటీలో పొదుపుగా 6 అని రాశాను. 06 అంటే దాదాపు 1,000 డిగ్రీలట, 6 అంటే 1,220 అట. ఆ రెండొందల తేడాలో పిల్ల ఏనుగు పాకం పట్టిన బెల్లంలా కూలి, అరపలక మీద దిబ్బరొట్టెలా పరుచుకుంది. పలక ఖరీదు నేనే ఇచ్చాను. రసీదు దాచుకున్నాను, అందులో సున్నాలన్నీ కుడి పక్కనే ఉన్నాయి.

రంగు ఎంచుకునేటప్పుడు బకెట్లో కనిపించేదే నమ్మండి. గోడకు వరసగా వేలాడదీసిన కాల్చిన నమూనా బిళ్లలు అలంకారం కోసం, వాటి జోలికి వెళ్లకండి. మా మనవరాలు గులాబీ రంగు ఏనుగు కావాలంది. ఒక బకెట్లో లేత గులాబీ, కొంచెం ఊదా కలిసినట్టు, ముచ్చటగా ఉంది. దాని మీద కోబాల్ట్ అని రాసి ఉంది. కోబాల్ట్ పచ్చిగా ఉన్నప్పుడు అలా మోసం చేస్తుంది, కాల్చాక కారునీలం. చెవుల్లేని నీలం ఏనుగును చూసి పాప కాసేపు ఆలోచించి, "తాతా, ఇది వేల్" అంది. తిమింగలానికి కాళ్లెందుకని నేను అడగలేదు. పాదాలకు గ్లేజ్ తగలకుండా మైనం రాయాలని కూడా చెప్పారు. రాయలేదు. ఉలితో కొట్టి విడదీశారు, ఇప్పుడు కాళ్లు మూడు.

క్లాసు అయ్యాక బల్లలూ నేలా చీపురు పెట్టి బరబరా ఊడ్చేయండి, చురుకైనవాళ్లని పేరొస్తుంది. నేను ఊడ్చిన రోజు టీచరమ్మ పరుగున వచ్చి చీపురు లాక్కుంది. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే పోదు, తడి స్పాంజితోనే తుడవాలి అంది. ఇబ్రహీంపట్నంలో బాల్కనీలో ఆరేసిన చొక్కాల మీది బూడిద దులుపుకుని తొడుక్కుని ఆఫీసుకు వెళ్లిన రోజులు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. కొంచెం దగ్గూ వచ్చింది.

ఇప్పుడు నా బల్ల మీద మూడో ఏనుగుంది. దీన్ని చూసి మీరు పొరబడవద్దు, నా సలహాలు మారలేదు. పొట్టను తీగతో రెండుగా కోసి, వంచిన తీగ ఉన్న గరిటెతో లోపలి మట్టి గీకుతున్నాను, రెండు వారాలుగా. గీకుతుంటే లోపలి నుంచి పొడుగ్గా, చుట్టలు చుట్టలుగా వస్తుంది, కొబ్బరి కోరినట్టు. గోడ ఎంత మిగిలిందో బయటి నుంచి సూది గుచ్చి చూడాలి. గుచ్చిన బెజ్జం వేలితో పూడ్చాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కణతల దగ్గర ఇంకా మందంగా ఉందా అని తట్టి వినాలి. నర్సమ్మగారు తన కుర్చీ ఇటు లాక్కుని, ఏమీ మాట్లాడకుండా చెవుల అంచులకు గీతలు పెట్టి ఇస్తున్నారు. మొన్న పన్నెండు గంటలకు టీచరమ్మ వచ్చి "వెంకట, టైమైంది" అంది. నేను మొదటిసారికే పలికాను, ఆ గుచ్చిన బెజ్జం ఎక్కడో వెతుక్కుంటూ.

చివరిగా, చేరే తేదీ అడుగుతున్నారు చాలామంది. క్లాసుకు పన్నెండు సీట్లే. అంత తొందరపడాల్సిన పనేం లేదు. వచ్చే సోమవారం పొద్దున నేను వాకింగుకు రాను, ఇంట్లో కంప్యూటర్ ముందు తొమ్మిది గంటలకు చిన్న పనుంది. మీరు మాత్రం మానకండి. వాతావరణం బాగుంటుందంటున్నారు, రెండు రౌండ్లు ఎక్కువే వేయండి.